జబ్బు సెలవు తర్వాత కొత్త ఉద్యోగం: ఆ ఖాళీ నెలల గురించి ఏం చెప్పాలి?

మన బళ్లారిలో షుగర్ ఉందని, బీపీ ఉందని పదిమందిలో చెప్పుకుంటాం. గుండెకు స్టెంట్ వేశారంటే వీధంతా వచ్చి పలకరించి పోతుంది. అదే డిప్రెషన్‌తో ఎనిమిది నెలలు డ్యూటీకి పోలేదంటే మాత్రం ఇంట్లోవాళ్లే "బయట అనొద్దు" అంటారు. తీరా జబ్బు తగ్గి మళ్లీ పని వెతుక్కునే రోజున ఆ దాచిన మాటే గొంతుకు అడ్డం పడుతుంది. బయోడేటాలో ఆ నెలలకు ఏం రాయాలి? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

నిజానికి ఈ విషయంలో దేశానికి దారి చూపింది మన జిల్లానే. 1985 నుంచి 1990 వరకు బెంగళూరు నిమ్హాన్స్ ఇక్కడ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి మానసిక జబ్బులను గుర్తించి మందులివ్వడం నేర్పింది. దాన్నే 'బళ్లారి నమూనా' అంటారు. దాని ఆధారంగానే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వైద్యం ఊరిదాకా వచ్చింది. కోలుకున్న మనిషి పనిలోకి తిరిగి పోవడం గురించి మాత్రం మనం ఇంకా గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం.

జబ్బు పేరు చెప్పాలా?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ ప్రకారం మన వైద్య వివరాలు గోప్యం. కోర్టు ఆదేశం, ఇతరులకు హాని జరగకుండా చూడటం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మన అనుమతి లేకుండా డాక్టరు వాటిని బయటపెట్టకూడదు. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ జబ్బు ఉందని తేల్చేయకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. అందుకే డాక్టరును ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగేటప్పుడు, జబ్బు పేరు లేకుండా "పనికి వెళ్లవచ్చు" అని మాత్రం రాసివ్వగలరా అని అడగండి.

తేదీలు మార్చొద్దు

జబ్బు పేరు చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. పాత కంపెనీలో ఇంకో ఏడాది చేసినట్టు రాస్తే, పీఎఫ్ యూఏఎన్ రికార్డులో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. జబ్బు వల్ల పోని ఉద్యోగం అబద్ధం వల్ల పోతుంది. మెడికల్ ఫారంలో నేరుగా అడిగితే తప్పుడు జవాబుకు సంతకం పెట్టొద్దు. ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.

ఇంటర్వ్యూలో రెండు ముక్కలు చాలు: "ఆరోగ్యం బాగాలేక సెలవు తీసుకున్నాను. ఇప్పుడు డాక్టరు పనికి వెళ్లవచ్చన్నారు." మన దగ్గర ఇంటర్వ్యూ కన్నడలో జరగొచ్చు కాబట్టి అదీ నోటికి రావాలి: "ఆరోగ్య సరి ఇరలిల్ల. ఈగ డాక్టరు కెలసక్కె హోగబహుదు అందిద్దారె." అక్కడ ఆపి, మీకొచ్చిన పని గురించి చెప్పండి. ఇంట్లో నాలుగుసార్లు బయటికి అని చూసుకుంటే ఆ రోజు గొంతు వణకదు.

ఎలాంటి పనిలో చేరాలి?

తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ అయినా, జీన్స్ కుట్టే యూనిట్ అయినా మొదట షిఫ్టు గురించి అడగండి. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. వీలైతే కొన్ని నెలలు పగటి షిఫ్టే అడిగి తీసుకోండి. క్రేన్, లారీ, పెద్ద మెషీన్ల పనైతే, మందులతో మత్తుగా ఉంటుందా అని డాక్టరును అడిగి తెలుసుకోండి. మత్తు ఉంటే ఆ పని ఇప్పుడే వద్దు. అది మన ప్రాణానికీ, పక్కవాడి ప్రాణానికీ సంబంధించిన మాట.

అన్నిటికన్నా ముఖ్యం: కొత్తచోట ఎవరైనా చూస్తారేమోనని మాత్రలు మానేయొద్దు. డాక్టరు చెప్పకుండా ఆపితే, చేరిన ఉద్యోగమే మళ్లీ చేజారవచ్చు.

ఇంకా సెలవులోనే ఉన్నారా?

తొందరపడి రాజీనామా రాయకండి. ఈఎస్ఐ ఉంటే, అర్హతను బట్టి ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. స్కిజోఫ్రీనియా వంటి కొన్ని జబ్బులకు, తగిన సర్వీసు ఉంటే, 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు.

జబ్బు దీర్ఘకాలంగా ఉండి వైకల్యం 40 శాతం లేదా అంతకుమించి ఉందని సర్టిఫికెట్ వస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌లో మానసిక జబ్బుకూ చోటుంది. ఆ యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. ఇటు బళ్లారిలో తీసుకున్నా, అటు గుంతకల్లులో, రాయదుర్గంలో చూపించవచ్చు.

మనసు కుదురుగా లేని రోజున 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇక ఇంట్లోవాళ్లకు ఒక మాట: ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషిని రోజూ "ఏమైంది?" అని అడిగే బదులు, ఇంటర్వ్యూ రోజున బస్టాండు దాకా తోడు వెళ్లండి.