సమాసంలో ఏది ముందు, ఏది తరువాత?

సి భాషలో 2 + 3 * 4 విలువ 20 కాదు, 14 అని మీకు తెలుసు. గుణకారానికి ప్రాధాన్యత ఎక్కువ. అయితే ప్రాధాన్యత తెలిసినంత మాత్రాన సమాసంలో ఏ భాగాన్ని కంప్యూటర్ ముందు గణిస్తుందో తెలిసిపోదు. ఆ తేడాను ఈ భాగంలో నేర్చుకుందాం. చలరాశుల, ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం.

1. ప్రాధాన్యత వేరు, గణన క్రమం వేరు

క() + గ() * చ() అనే సమాసాన్ని చూడండి. గ, చ ఇచ్చే విలువలను గుణించి, క ఇచ్చే విలువకు కలపాలి. ప్రాధాన్యత చెప్పేది ఇంతే. మూడు ఫంక్షన్లలో దేనిని ముందు పిలవాలో సి భాష చెప్పదు. ప్రతి ఫంక్షనూ తెరపై ఒక అక్షరాన్ని ముద్రిస్తే, ఆ అక్షరాల వరుస ఎలాగైనా ఉండవచ్చు. దీనిని 'నిర్దేశించని క్రమం' అంటాం.

2. ఒకే చలరాశిని రెండుసార్లు మారిస్తే

ఐ = 5;
జె = ఐ++ + ఐ++;

జె విలువ ఎంత? ముందు మీ జవాబు రాసుకోండి.

ఐ++ పాత విలువను ఇస్తుంది. పెరిగిన విలువను ఐలో వెంటనే రాస్తే 5 + 6 = 11. కొంత ఆగి రాస్తే 5 + 5 = 10. నయా రాయపూర్‌లో మీ కంప్యూటర్‌పై ఒకటి, విజయవాడలో మీ మిత్రుని కంప్యూటర్‌పై మరొకటి రావచ్చు. ఈ రెండింటిలో ఒకటి తప్పక రావాలన్న నియమం కూడా లేదు. దీనిని 'నిర్వచించని ప్రవర్తన' అంటాం. కంపైలర్ తప్పు చూపకపోవచ్చు. అంతమాత్రాన ప్రోగ్రాం సరైనది కాదు.

ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి నిల్వను దిద్దితే ఏమవుతుందో ఊహించండి.

3. ఇలా ఎందుకు వదిలేశారు?

యంత్రాలు రకరకాలు. ప్రతి యంత్రానికి అనువైన, వేగవంతమైన క్రమాన్ని కంపైలర్ ఎంచుకోవడానికి వీలుగా సి భాష ఈ స్వేచ్ఛ ఇచ్చింది. కెర్నిఘాన్, రిచీ 1978లో రాసిన పుస్తకంలోనే ఇలాంటి సమాసాల గురించి హెచ్చరించారు. 1989 ప్రమాణంలోనూ ఈ నియమం ఉంది. 2011లో దాని మాటలు మారాయి కాని, పై ఉదాహరణ నిర్వచించనిదిగానే ఉంది. జావా భాషలో మాత్రం ఎడమ నుంచి కుడికి గణించాలన్న నియమం ఉంది.

4. క్రమం ఖాయంగా ఉండే చోట్లు

సెమికోలన్‌తో వాక్యం ముగిసేసరికి అందులోని మార్పులన్నీ పూర్తవుతాయి. &&, || గుర్తులకు ఎడమ భాగాన్ని ముందే గణిస్తారు. కాని ఫంక్షన్ కుండలీకరణాల్లో విలువల మధ్య ఉండే కామా ఏ క్రమాన్నీ ఖాయం చేయదు.

కాబట్టి మార్పులను విడివిడి వాక్యాలుగా రాయండి:

జె = ఐ; ఐ++;
జె = జె + ఐ; ఐ++;

ఇప్పుడు జె విలువ ఎక్కడైనా 11. జీసీసీ కంపైలర్‌లో '-వాల్' ఐచ్ఛికం వాడితే ఇలాంటి పొరపాట్లలో చాలావాటికి హెచ్చరిక వస్తుంది.

పరీక్షలో, ఉద్యోగ పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఎదురైతే 'ఫలితం నిర్వచించలేదు' అన్నదే సరైన జవాబు. ఇచ్చిన ఐచ్ఛికాల్లో అది లేకపోతే లోపం ప్రశ్నలో ఉంది, మీలో కాదు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

వీటిలో నిర్వచించనిది ఏది?
(అ) ఐ = ఐ + 1;
(ఆ) ఐ = ఐ++;
(ఇ) ఐ++ > 5 && ఐ < 10

జవాబు: (ఆ). అందులో ఒకే వాక్యంలో ఐ రెండుసార్లు మారుతోంది.