ఎత్తయిన అద్దం, ఊగే తల

దజీజ్‌లో గాలి ఎటు నుంచి వీస్తోందో తెలియాలంటే ఫోన్ తీయనక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు. కువైట్ విమానాశ్రయం పక్కనే, ఆరో రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న ప్రాంతం ఇది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఇక్కడి రన్‌వేలు వాయవ్యం, ఆగ్నేయం దిశల్లో ఉన్నది ఊరికే కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి వాయవ్యం నుంచే వస్తుంది. శమాల్ అనేది దాన్నే. జూన్, జూలైల్లో దానికి దుమ్ము తోడైతే ఇక తోజ్, అంటే ఎదుటి భవనం కూడా సెలవు మీద వెళ్లిపోయే రోజు.

శుక్రవారం తెల్లవారగానే పెద్ద మోటార్‌సైకిళ్ల మీద దూరాలకు బయల్దేరేవాళ్ల దగ్గర ఒక ఫిర్యాదు తరచుగా వినపడుతుంది. “పొడుగు విండ్‌షీల్డ్ వేయించాను. తల ఊపు తగ్గకపోగా ఇంకా పెరిగింది.” దినార్లు పోశాక రావాల్సిన ఫలితం ఇది కాదు గనక, సాధారణంగా వాళ్లు ఇంకో రెండంగుళాల పొడుగు అద్దం కోసం వెతకడం మొదలుపెడతారు. చిక్కంతా అద్దం గాలిని ఆపుతుందనుకోవడంలో ఉంది. అద్దానికి ఆపడం చేతకాదు, పక్కకు నెట్టడమే తెలుసు. నెట్టిన గాలి ఎటు పోతోంది, పోయినచోట ఖాళీని ఏది నింపుతోంది? సుఖమైనా కష్టమైనా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

ముందు కొంచెం లెక్క. గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఒక చదరపు మీటరు మీద పడే తోపు సుమారు 47 కిలోల బరువుతో సమానం. అద్దం లేని బండి మీద నిటారుగా కూర్చున్న మనిషి రొమ్ము, భుజాలు, తల కలిపి చదరపు మీటరులో మూడో వంతు అనుకుంటే, పదిహేను కిలోలకు పైగా. వేగం 120కి పెంచితే అదే ఇరవై రెండు దాటుతుంది. వేగం పెరిగింది ఐదో వంతే, తోపు మాత్రం దాదాపు సగం పెరిగింది. వేడి గాలి పలచన కాబట్టి, 45 డిగ్రీల ఎండలో ఈ తోపు చలికాలపు ఉదయం కన్నా పది శాతం దాకా తక్కువ. కువైట్ ఎండ మనకిచ్చే రాయితీ ఇదొక్కటే.

దీనికి శమాల్‌ను కలపండి. కింగ్ ఫహద్ రోడ్డు మీద దక్షిణంగా నువైసీబ్ వైపు గంటకు 100లో వెళ్తున్నారు, గాలి 40లో వీపు మీద పడుతోంది అనుకుందాం. నిజంలో అది కాస్త వారగా పడుతుంది, లెక్క సులువు కోసం సూటిగా అనుకుందాం. మీ రొమ్ముకు తగిలేది 60 కిలోమీటర్ల గాలి. తిరుగు ప్రయాణంలో అదే మీటరు 100 చూపిస్తుంటే రొమ్ముకు తగిలేది 140. రెండింటి మధ్య తోపు తేడా ఐదు రెట్ల పైన. అందుకే “పోయేటప్పుడు ఈ అద్దం బ్రహ్మాండం, వచ్చేటప్పుడు పనికిరాదు” అనేవాళ్ల మాట అబద్ధం కాదు, చాదస్తమూ కాదు. ఒక దిక్కున మాత్రమే నడిపి అద్దం గురించి తీర్పు చెప్పేవాళ్ల మాటే నమ్మకూడదు, అమ్మేవాళ్లతో సహా.

ఇప్పుడు అద్దం వెనక ఏం జరుగుతుందో చూద్దాం. వరద రోజుల్లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన స్తంభాన్ని గమనించినవాళ్లకు ఇది సగం తెలిసే ఉంటుంది. స్తంభం ముందు నీళ్లు చీలి రెండు పక్కలా జారిపోతాయి. వెనక మాత్రం నిలకడ ఉండదు. ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క సుడి పుడుతుంది, కొట్టుకొచ్చిన గడ్డి స్తంభం వైపే వెనక్కి లాక్కుపోతుంది. పొడుగు అద్దం వెనక కూర్చున్నవాడిది ఆ గడ్డి పరిస్థితి.

అద్దం ఎంత పెద్దదైతే దాని వెనక పీడనం తగ్గిన చోటు అంత పెద్దది. ఆ ఖాళీని నింపడానికి గాలి దొరికిన దారినల్లా వస్తుంది. ఫోర్కుల మధ్య నుంచి పైకి ఎగదన్నుతుంది, ఇంజిన్ వేడిని మోసుకొస్తుంది, వెనక నుంచి వచ్చి వీపును ముందుకు నెడుతుంది. గంటకు 100లో పోతున్న బండి మీద వెనక నుంచి గాలి నెట్టడం విడ్డూరంగా ఉంటుంది గానీ, పెద్ద అద్దం బళ్ల మీద రెండు గంటలు కూర్చున్నవాళ్ల నడుముకు అది బాగా తెలుసు. ఇక అద్దం అంచు నుంచి విడిపోయే సుడులు సరిగ్గా హెల్మెట్ ఎత్తులో వచ్చి తగిలితే తల ఊగుతుంది. అద్దం వెడల్పును, వేగాన్ని బట్టి లెక్కిస్తే ఆ కుదుపు సెకనుకు సుమారు పది సార్లు. మెడ పట్టేయడం తర్వాతి సంగతి, ముందు చూపే మసకబారుతుంది, సైన్‌బోర్డు మీద అక్షరాలు రెండుగా కనిపిస్తాయి.

కంపెనీలకు ఇది తెలియక కాదు, తెలుసుకోవడానికి టైం పట్టింది. హోండా గోల్డ్ వింగ్ అంటే ఇవాళ మనకు గుర్తొచ్చేది అంత పెద్ద ముందు భాగం. 1975లో వచ్చిన మొదటి గోల్డ్ వింగ్‌కు అద్దమే లేదు, కావాల్సినవాళ్లు బయట కొని బిగించుకున్నారు. కంపెనీ తానే ఫెయిరింగ్, అంటే గాలిని చీల్చే ముందు తొడుగు, పెట్టి ఇచ్చింది 1980లో. బీఎండబ్ల్యూ మాత్రం 1976లో ఆర్100ఆర్ఎస్‌ను తేవడానికి ముందే దాని ఒంటిని ఇటలీలోని పినిన్‌ఫరీనా గాలి సొరంగంలో పెట్టి చూసుకుంది. 2014 మోడళ్లకు హార్లీ డేవిడ్‌సన్ చేసిన మార్పు మన సంగతికి ఇంకా దగ్గరిది. గబ్బిలం రెక్కల్లాంటి తన పాత ఫెయిరింగ్‌కు అద్దం అడుగున ఒక రంధ్రం పెట్టింది. తల ఊపు 20 శాతం తగ్గిందని చెప్పుకుంది. గాలి రాకుండా అద్దం పెట్టి, ఆ అద్దం కింద గాలి కోసం రంధ్రం తెరవడం చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఖాళీని నింపడానికి ముందు నుంచే కాస్త గాలిని వదిలితే, అది వెనక నుంచీ కింద నుంచీ దొంగదారిన రావాల్సిన పని తప్పుతుంది. మీ బండికి అలాంటి రంధ్రమో మూతో ఉండి, చలికాలంలో మూసిన తర్వాత దాన్ని మరిచిపోయి ఉంటే, కొత్త అద్దం కొనే ముందు దాన్ని తెరిచి ఒకసారి నడపండి.

అద్దం ఎంత ఎత్తుండాలన్నదానికి అందరికీ సరిపోయే అంగుళాల లెక్క లేదు. మీ నడుము పైభాగం పొడుగు, సీటు పల్లం, హెల్మెట్ ఆకారం, మూడూ కలిసి తేలుస్తాయి. ఒక మోటు కొలత మాత్రం చాలామందికి పనిచేస్తుంది. మామూలుగా కూర్చున్నప్పుడు అద్దం పై అంచు మీ ముక్కు ఎత్తుకు రావాలి. మీరు అద్దం మీదుగా చూడాలి, అద్దంలోంచి కాదు. అంచు దాటిన గాలి ఇంకాస్త పైకి లేచి పోతుంది కాబట్టి ముక్కు దగ్గరి అంచు హెల్మెట్ పైభాగాన్ని కూడా చాలావరకు కాపాడుతుంది. పైగా తోజ్ పట్టిన అద్దంలోంచి సూర్యుడికి ఎదురుగా చూస్తూ బండి నడపడం సుఖం గురించిన విషయం కూడా కాదు.

పరీక్షలకు పైసా ఖర్చు లేదు. ఖాళీ రోడ్డు మీద, ఓ మోస్తరు వేగంలో, ఫుట్‌పెగ్‌ల మీద కొంచెం లేవండి. తల పైకి వెళ్లేకొద్దీ మోత నున్నబడి ఊపు తగ్గితే, మీ తల ఇప్పటిదాకా సుడిలో ఉందన్నమాట. అప్పుడు దారులు రెండే. అద్దాన్ని దించి తలను శుభ్రమైన గాలిలోకి తేవాలి, లేదా బాగా పెంచి తలను పూర్తిగా లోపలికి తీసుకోవాలి. మధ్యలో ఆగడం వల్లే సగం ఫిర్యాదులు. రెండో పరీక్ష, అద్దాన్ని పూర్తిగా విప్పి అదే దారిలో నడపడం. గాలి రొమ్మును బలంగా తోస్తుంది, కానీ తల కదలకుండా ఉంటే నేరస్థుడు దొరికాడు. మూడోది గాలి సొరంగాల్లో ఇంజినీర్లు చేసే పనే: అద్దం అంచున, భుజాల మీద నూలు పోగులు టేపుతో అంటించి, పక్కన కారులో వెళ్లే స్నేహితుడి చేత వీడియో తీయించడం. పోగు తిన్నగా వెనక్కి సాగితే గాలి సాఫీ. పిచ్చెత్తినట్టు గింగిరాలు తిరుగుతుంటే అక్కడే గొడవ. ఫోర్కుల దగ్గర చిన్న అడ్డు రేకులు, అద్దం అంచుకు బిగించే చిన్న స్పాయిలర్, అద్దాన్ని అరంగుళం ముందుకు జరిపే వాషర్లు, ఇవన్నీ కొత్త అద్దం ధరలో చిన్న వంతు.

గాలి పక్క నుంచి వచ్చినప్పుడు కథ మారుతుంది. 2019 మేలో తెరిచిన షేక్ జాబర్ వంతెన షువైఖ్ నుంచి ఈశాన్యంగా సుబియా వైపు సాగుతుంది, పొడవు 36 కిలోమీటర్లు. శమాల్ వీచే రోజున పోయేటప్పుడు ఎడమ భుజం, వచ్చేటప్పుడు కుడి భుజం. సముద్రం మీద అడ్డు ఏదీ లేదు. ఇక్కడ పొడుగు, వెడల్పు అద్దం ముందు చక్రాన్ని పక్కకు లాగే తెరచాప. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే ప్రతి విసురూ నేరుగా చక్రానికి చేరుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టి చేతులు వదులుగా ఉంచడమే మందు.

కువైట్ చలి గురించి మనవాళ్లు నవ్వుతారు. జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలున్నప్పుడు, 100 వేగంలో ఒంటికి తెలిసే చలి సుమారు 4 డిగ్రీలు. అప్పుడు అద్దం పైకి ఉండాలి, దానిపై వాదన లేదు. ఎండాకాలం గురించే వాదన. చాలామంది మే నెల రాగానే అద్దం దించేసి, వలలాంటి మెష్ జాకెట్ వేసుకుంటారు. ఆంధ్రాలో, తెలంగాణలో పెరిగిన అలవాటు అది: ఉక్కపోస్తే గాలి తగలాలి. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు ఒంటి వేడిని పట్టుకుపోతుంది. దాటితే లెక్క తిరగబడి గాలే ఒంటికి వేడి ఇస్తుంది, వేగం పెరిగేకొద్దీ ఎక్కువ ఇస్తుంది. దజీజ్‌లో జూలై మధ్యాహ్నం 46, 47 మామూలు. ఇదే దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత పరిశీలించి ఖాయం చేసింది.

అప్పుడు మిగిలే ఒకే రక్షణ చెమట. లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది, అది తక్కువేం కాదు. కానీ మెష్ జాకెట్‌లోంచి దూసుకొచ్చే 47 డిగ్రీల పొడి గాలి చెమటను పుట్టిన వెంటనే పీల్చేసి, ఆపై చర్మాన్ని వేడెక్కిస్తుంది. చెమట కనిపించదు గనక మనిషి హాయిగా ఉన్నాననుకుంటాడు, తలనొప్పి వచ్చేదాకా. అందుకని 38, 40 దాటాక చేయాల్సింది తలకిందులుగా తోస్తుంది: అద్దం పైకి లేపాలి, జాకెట్ గాలి రంధ్రాలు చాలావరకు మూయాలి, లోపల బనీను తడిపి వేసుకోవాలి, మెడ దగ్గరో ముంజేతుల దగ్గరో కొద్దిగా మాత్రమే గాలి వదలాలి. తడి నిదానంగా ఆరాలి, అదే కిటుకు. ఎడారి అరబ్బులు ఒళ్లంతా వదులు బట్టతో కప్పుకునేది ఫ్యాషన్ కోసం కాదు. ఈ లెక్కన అద్దం జనవరిలోనూ, జూలైలోనూ పైనే. కిందికి దించాల్సింది మార్చిలో, నవంబరులో.

దీనికి ఒక మినహాయింపు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆగ్నేయం నుంచి కౌస్ గాలి సముద్రపు తేమను మోసుకొస్తుంది. అప్పుడు తడి బనీను తడి బనీనుగానే ఉండిపోతుంది, చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆ రోజుకు అద్దం దగ్గర జవాబు లేదు, కారు ఏసీ దగ్గర ఉంది.

అద్దం బాగోగుల గురించి రెండు మాటలు. పాలికార్బొనేట్ అద్దం దెబ్బకు తట్టుకుంటుంది, గీతకు తట్టుకోదు. యాక్రిలిక్ తీరు దీనికి తలకిందులు. దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే ఇసుకతో రుద్దినట్టే, ముందు తడిపి నానబెట్టాలి. ఇంటి కిటికీలకు వాడే అమ్మోనియా స్ప్రే పాలికార్బొనేట్‌ను బీటలు వారుస్తుంది. బండి ఆపేటప్పుడు సాయంత్రపు ఎండ వెనక నుంచి అద్దం లోపలి వంపు మీద పడకుండా చూసుకోండి. ఆ వంపు ఎండను ఒకచోట కూర్చి మీటరు ప్లాస్టిక్‌ను కరిగించిన ఉదంతాలున్నాయి.

మోత గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 100 డెసిబెల్స్ దగ్గరకు వెళ్తుంది. ఆ స్థాయిని రోజుకు పదిహేను నిమిషాలకు మించి వినొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఏ అద్దమూ దీన్ని పూర్తిగా తీర్చలేదు. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ తీరుస్తాయి. బండి మీద పెట్టే ఖర్చుల్లో ఇంత చవకది, ఇంత పనికొచ్చేది ఇంకొకటి లేదు.

చివరగా, దజీజ్‌లో రోజంతా గాలితో తలపడేవాళ్లు శుక్రవారం పెద్ద బళ్లవాళ్లు కారు, చిన్న బండి మీద వెనక పెట్టె కట్టుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్లు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచి కువైట్‌కు బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు ఎన్నో వేలు. ఈ బళ్లకు అద్దం ఉండదు, వెనక చక్రానికీ వెనగ్గా, ఎత్తున ఉండే పెట్టె మాత్రం పక్కగాలికి చక్కగా దొరుకుతుంది. రింగ్ రోడ్లు, పెద్ద హైవేల మీదకు ఆ బళ్లు రాకూడదని 2021లో ఆంక్ష పెట్టారు. గాలి సంగతి తెలిసినవాళ్లకు అది అన్యాయంగా తోచదు. జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం, డెలివరీ బళ్లకూ వర్తింపజేశారు. కాబట్టి ఏసీ గదిలో కూర్చుని బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్లకు ఒక మనవి: నాలుగు దాటాక పెట్టండి. అంతకుముందే ఆకలేస్తే వంట చేసుకోండి, లేదా కారులో వచ్చేదాకా ఆగండి. ఆలస్యమైందని ఆ కుర్రాడికి ఫోన్ చేసి మాత్రం అరవకండి.