పాట విన్నవారు చెప్పవలసిన మాట

గిటారు మీటుచు పాడిన యొక కుర్రవానితో, కొన్నేండ్ల క్రిందట, "శ్రుతి కలియలేదోయి" అని చెప్పి ఊరకుంటిని. అతడు తన గొంతునే శంకించి పాట మానివేసెను. పిదప ఆ రికార్డు మరల వినగా, గొంతు నిలిచియే యున్నది. క్రొత్తగా కట్టిన తీగలు సాగి, దిగినవి. క్రొత్త తీగల స్వభావమే అది. మెట్టుకడ మితిమీరి నొక్కినచో స్వరము హెచ్చుటయు కలదు. తప్పు ఏ చరణములో, గొంతుదా తీగదా, హెచ్చా తగ్గా, ఇంతమాత్రము నేను చెప్పవలసినది.

"బాగున్నది" అనుటయు అంతే నిష్ప్రయోజనము. (ఇంటిలోనివారు చెప్పునది ఇదే, వారిని తప్పుపట్టను.) పాడువారే ప్రశ్న నిర్ణయించుకొని అడుగుట మేలు: "మాటలు తెలిసినవా? గిటారు గొంతును మింగినదా?" పై స్థాయి అందలేదందురా, తీగలపై బిగించిన కేపోను ఒక మెట్టు క్రిందికి జరిపిన అర స్వరము తగ్గును.

తన పాటను రికార్డులో తొలిసారి విన్నవారికి "ఇది నా గొంతేనా?" అని తోచును. పాడునపుడు మన గొంతు పుఱ్ఱె యెముకల ద్వారా కూడ చెవిని చేరుటచే మనకు నిండుగా వినిపించును. ఇతరులు వినునది రికార్డులోని గొంతునే. దానిని రెండు మూడు మారులు విని అలవాటుపడిన పిదపనే ఇతరుల నడుగుడు.

తప్పు తీగలదేనని చెప్పుటకు ఆ కుర్రవాని యింటికి పోతిని. గిటారు అప్పటికే గోడకెక్కినది.