కత్తెర పక్కన పెట్టేద్దామా?

"అత్తా, ఇంకా కత్తెరతోనేనా? ఇది కొనుక్కో. ఒక్కసారి పిడి తిప్పితే ఆరు ముక్కలు ఊడిపడతాయి!"

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ కూతురు సెల్‌ఫోనులో ఒక యంత్రం చూపించింది. అది బట్టను చదరాలుగా, త్రికోణాలుగా, పువ్వులుగా చకచకా కోసి పడేస్తోంది. నా పక్కనే నేలమీద కూర్చుని చీర ముక్కలు కోస్తున్న పిన్ని కూడా మెడ సాచి చూసింది. "బాగుందే అమ్మాయ్, కొనుక్కో. నా వేలు ఎట్లాగూ మొరాయిస్తోంది" అంది.

ఆ మాటతో నాకు రెండు నెలలు నిద్ర కరువైంది. కొంటే ఒక బాధ, కొనకపోతే ఇంకో బాధ!

మాది కొల్లిపర. ఇంట్లో కాలి మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. ఏడేళ్ళ క్రితం మా అక్క మనవడికని పాత నేత చీరలతో ముక్కల బొంత ఒకటి కుట్టాను. అది చూసి ఒకరు, వాళ్ళను చూసి మరొకరు అడిగారు. ఇప్పుడు నెలకు నాలుగు బొంతలు కుడుతున్నాను. సగం తెనాలి, గుంటూరు పోతాయి, మిగతా సగం మనవాళ్ళ సూట్‌కేసుల్లో విమానం ఎక్కుతాయి. ముక్కలు కోసే పని వెనక వీధి పిన్నిది. బొంతకు నూటఇరవై రూపాయలు ఇస్తాను. నెలకు 480. ఆవిడ బి.పి. మాత్రలు ఆ డబ్బుతోనే వస్తాయి.

బొంత మనకేం కొత్త కాదు. పసిపిల్లల పక్కలోకి, మంచం మీదకి పాత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టుకోని ఇల్లుండేది కాదు. గంగిరెద్దుల వాళ్ళు ఎద్దు మీద కప్పే రంగురంగుల బొంతను మించిన ముక్కల పని ఏముంది? మనం "అతుకుల బొంత" అని చులకనగా అనే దాన్నే అమెరికాలో క్విల్టు అని గోడకు తగిలిస్తారు. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకున్న పాత బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అక్కడి ప్రభుత్వం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. అంత దూరం ఎందుకు? పక్కనున్న కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది స్త్రీలు 'కవంది' అనే బొంత కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వస్తారు. వాళ్ళెవరి ముక్కలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఇది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అట్టపెట్టెలు, పెళ్ళిశుభలేఖల కవర్లు కోసే పద్ధతే. దళసరి పలకలో ఉక్కు బ్లేడును మనకు కావలసిన ఆకారంలో బిగిస్తారు. దాన్ని 'డై' అంటారు. బ్లేడు చుట్టూ మెత్తటి ఫోము ఉంటుంది. బట్టను మడతలు వేసి దానిమీద పరిచి, పైన ప్లాస్టిక్ షీటు పెట్టి, రెండు రోలర్ల మధ్య నుంచి పోనిస్తారు. చెరకు రసం మిషనులో గడ పెట్టినట్టే! నూలు బట్టయితే చాలా డైల మీద ఆరు పొరల దాకా తెగుతుంది. కుట్టులోకి పోయే పావు అంగుళం కూడా కలిపే కొలత ఉంటుంది కనుక ముక్క తేడా రాదు.

నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా ఊళ్ళో ఉన్న అక్యూక్విల్ట్ కంపెనీ యంత్రాలు అక్కడి బొంతలు కుట్టేవాళ్ళకు బాగా పరిచయం. కాని యంత్రం కొంటే సరిపోదు. నాలుగంగుళాల చదరానికి ఒక డై, మూడంగుళాల దానికి మరొకటి, త్రికోణానికి ఇంకొకటి కావాలి. పైనవేసే షీటు అరిగాక మళ్ళీ కొనాలి. మూడు డైలు, కొరియరు, కస్టమ్స్ అన్నీ కలిపి మా అమ్మాయి లెక్క వేస్తే నలభై అయిదు వేలు తేలింది.

చీటీ పాడితే ఆ డబ్బు వస్తుంది. అయితే జూన్‌లో మా పిల్ల కాలేజీ ఫీజుకని దాచుకున్న చీటీ అది.

గడియారం చెప్పిన నిజం

ఇరుగుపొరుగుని అడిగితే తలో మాట చెప్పారు. చివరికి గోడ గడియారాన్నే అడిగాను. ఒక బొంతకు ఏ పనికి ఎంతసేపు పడుతుందో క్యాలెండరు వెనక రాసుకున్నాను. 35 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవున్న పసివాళ్ళ బొంత. దానికి నాలుగంగుళాల ముక్కలు 120 కావాలి.

పాత చీర ఉతికి, కుట్లు విప్పి, ఇస్త్రీ చేయడం గంటన్నర. కోత రెండు గంటలు. ముక్కలు కలిపి మిషను మీద కుట్టడం నాలుగు గంటలు. పొరలు పరిచి చేత్తో కుట్టడం తొమ్మిది గంటలు. అంచు పట్టీ గంట. మొత్తం పదిహేడున్నర గంటలు.

చూశారా? నేనేమో కోత దగ్గరే పని ఆగిపోతోందనుకుంటున్నాను. తీరా చూస్తే కోత ఎనిమిదో వంతు కూడా లేదు! యంత్రంతో ఇరవై సార్లు పిడి తిప్పితే 120 ముక్కలు వస్తాయి. మడతలు సర్దుకోవడంతో కలిపి అరగంట అనుకుందాం. మిగిలేది గంటన్నర. చేతి కుట్టు తొమ్మిది గంటలూ అలాగే కూర్చుంటాయి. డబ్బు లెక్క ఇంకా గట్టిది. పిన్నికిచ్చే 480 రూపాయలు మానేసి యంత్రం ఖరీదు రాబట్టాలంటే దాదాపు ఎనిమిదేళ్ళు పడుతుంది. అదీ ఆవిడ మాత్రల డబ్బు ఎగ్గొట్టి!

పాత చీరకు ఆరు పొరలు కుదరవు

ఇంకో సంగతి పిన్నే చెప్పింది. కొత్త తానుకైతే ఆరు మడతలు వేయవచ్చు. వాడిన చీర అలా కాదు. కూర్చునే చోట చివికిపోయి ఉంటుంది. ఒకచోట పసుపు మరక, ఒకచోట మేకు తగిలిన చిరుగు. అంచు దగ్గర, లోపల దోపుకునే చోట గట్టిగా ఉంటుంది. ఎక్కడ కోయాలో, ఎక్కడ వదలాలో వేలితో తడిమి చూడాలి. ఆరు పొరలు ఒకేసారి వేస్తే పై పొర ఒక్కటే మన కంటికి కనబడుతుంది. కింద ఐదింటిలో చివికిన ముక్క ఉంటే బొంత ఏడాది తిరక్కుండానే పిగిలిపోతుంది.

అలాగని కత్తెరే మేలని నేను మొండికేయలేదు. పిన్ని బొటనవేలి మీద కత్తెర కన్నం ఒరిసి కాయ కాసింది. రాత్రిళ్ళు వేలు తిమ్మిరెక్కుతోంది. "కొనుక్కో" అన్నది అందుకే. నేను బాధపడతానని అసలు మాట ఆవిడ చెప్పలేదు, మాత్రల సంగతి నేనెత్తలేదు. రెండు నెలలు ఇద్దరం ఒకరినొకరు తప్పించుకున్నాం. చివరికి ఒకరోజు కాఫీ తాగుతూ నేనే కదిపాను. "డబ్బు కావాలే అమ్మాయ్, వేలూ కావాలి" అని నవ్వేసింది.

నడిమి దారి ఒకటి దొరికింది. గుండ్రటి బ్లేడున్న రోటరీ కట్టర్. జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో దీన్ని తీసుకొచ్చింది. పిజ్జా కోసే చక్రంలా దొర్లుతుంది. దానితోపాటు కింద పరిచే మ్యాటు, లోపలిది కనబడే స్కేలు, అదనపు బ్లేడ్లు తెప్పించాను. అన్నీ కలిపి మూడు వేలలోపే. టేబుల్ ఎత్తు పెంచి, పిన్నిని నించోబెట్టి నేర్పించాను. మొదటి వారం రెండు ముక్కలు వంకర పోయాయి. ఇప్పుడు కోత గంటలో అయిపోతోంది. స్కేలు కింద చీర పువ్వు కనబడుతుంది కాబట్టి దాన్ని ముక్క నడిమధ్యకు తెచ్చుకోవచ్చు. బొంతకు నూటఇరవై అలాగే ఇస్తున్నాను. వేలికి విశ్రాంతి ఉండాలని రోజుకు గంట మించి కోయనివ్వడం లేదు. తిమ్మిరి పూర్తిగా పోలేదుగాని నిద్ర పడుతోందట.

మీరు కొనాలనుకుంటే...

యంత్రం దండగని నేననను. పదిమంది కలిసి కొత్త బట్టతో ఒకే నమూనా పదేపదే కుట్టే సంఘాలకు, ఒంపుల పువ్వులు, చిన్న త్రికోణాలు ఎక్కువ వాడేవాళ్ళకు, కీళ్ళ నొప్పులతో కత్తెర పట్టలేనివాళ్ళకు అది వరమే. కొనేముందు మాత్రం నాలుగు విషయాలు చూసుకోండి.

* వారం రోజులు గడియారం పెట్టి పని రాసుకోండి. ఆలస్యం ఎక్కడో తెలుస్తుంది.
* యంత్రం ధరతోపాటు డైలు, షీట్లు, రవాణా కూడా కలిపి లెక్కవేయండి.
* పడుగు పోగు, పేక పోగు చూసి బట్ట పెట్టాలి. అడ్డదిడ్డంగా పెడితే ముక్క సాగుతుంది.
* రోటరీ కట్టర్ కొంటే వాడిన ప్రతిసారీ బ్లేడు మూసేయండి. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

కిందటి నెల ఒకావిడ చనిపోయిన తన తల్లి చీరలు మూడు తెచ్చి బొంత కుట్టమంది. ఒక చీర కుచ్చిళ్ళ దగ్గర చిన్న చిరుగు. దానికి ఆ తల్లి స్వయంగా వేసుకున్న సన్నటి కుట్లు. పిన్ని దాన్ని పారేయలేదు. ఆ కుట్లు మధ్యకు వచ్చేలా స్కేలు పెట్టి, ఒంటి పొర మీద కోసి, వెనక అస్తరు వేసి నా చేతికిచ్చింది. బొంత విప్పి చూడగానే ఆవిడ వేలు సరిగ్గా ఆ ముక్క మీదే ఆగింది. "మా అమ్మ కుట్టే!" అని ఏడ్చేసింది.

పిండికొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. జూన్‌లో మా పిల్ల ఫీజు కట్టేశాను. డాలస్ నుంచి ఫోనొస్తే, "యంత్రం కొన్నావా అత్తా?" అని అడిగింది. "కొన్నానే, మూడు వేలలో!" అన్నాను. పక్కన పిన్ని కిసుక్కున నవ్వింది.