క్లాసుల నడుమ నాటకశాల

నేను ముప్పైయొక్క ఏండ్లు స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడినవాణ్ణి. చదివింది గుడియాత్తంలో అయిదో తరగతి వరకే, అదీ తెలుగు బడిలో. ఇట్లాంటివాడు యూనివర్సిటీ కట్టడం ఎట్ల గీయాలో రాస్తాడంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కానీ పోయిన చలికాలమంతా మా నట్టింట్లో చాప మీద పరిచింది కట్టడం పటాలే. వాటిని చూసి నేర్చుకున్నదీ, మిల్లు అనుభవంతో నేను చెప్పిందీ రెండూ కలిపి రాస్తున్నాను. మన ఇండ్లలో చదువుకునే పిల్లలు ఉండారు, పనికొస్తుంది.

మా మనవరాలు ఆర్కిటెక్చరు నాలుగో సంవత్సరం. శనివారం వెల్లూరు బస్సు దిగి వచ్చిందంటే చంకలో పొడుగాటి గొట్టం, అందులో చుట్టిన పటాలు. ఈసారి వాళ్లకిచ్చిన పని ఇది: ఒక యూనివర్సిటీకి అయిదు అంతస్తుల కట్టడం గీయాల. అందులో క్లాసులు, లైబ్రరీ, ఆఫీసులు, క్యాంటీను ఉండాల. వాటితోబాటు పాట, ఆట, నాటకం నేర్చుకునేదానికీ, జనం ముందర ఆడేదానికీ చోటుండాల. అన్నీ ఒకే కప్పు కింద.

"ఇట్లాంటివి ఎక్కడైనా ఉండాయా పాపా?" అని అడిగినాను.

ఉండాయంట. మన కాట్పాడి పక్కనే వి.ఐ.టి. ఉంది కదా. 1984లో వెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీగా మొదలయింది, 2001లో యూనివర్సిటీ హోదా వచ్చింది. అక్కడ అన్నా ఆడిటోరియం ఉంది. చెన్నారెడ్డి పేరుతో ఇంకొకటి ఉంది. ఆ పేరు మనవాళ్లకు తెలిసిందే, ఆంధ్రప్రదేశ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రి, ఆ తర్వాత మన తమిళనాడుకు గవర్నరు. ఇంజనీరింగు పిల్లలకైనా పాడేదానికీ ఆడేదానికీ చోటు కావాల్సిందే. హైదరాబాదులో అయితే 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం చాలా ఏండ్లు నాంపల్లిలో నడిచింది. ఆ ఆవరణలోనే ఎన్టీఆర్ కళామందిరం. పగలు చదువు, సాయంత్రం నాటకమో కూచిపూడి నాట్యమో. కూచిపూడి ఊళ్లోని సిద్ధేంద్రయోగి కళాపీఠం కూడా చాలా ఏండ్లు ఆ విశ్వవిద్యాలయం కిందనే నడిచింది.

ఇదంతా సరే. ఈ పని మీద పాపకు అంత పట్టుదల ఎందుకొచ్చిందో అది చెప్పాల.

మూడేండ్ల కింద ఒక కాలేజీ వార్షికోత్సవంలో పాప నాటకం వేసింది. నేనూ మా ఇంటామే పోయినాము. హాలు పెద్దది, కొత్తది, చూసేదానికి బాగుంది. నున్నటి గోడలు, కింద గ్రానైటు, పైన కాంక్రీటు. పాప స్టేజీ మీదికొచ్చి మాట్లాడతా ఉంది. నోరు కదిలేది కనిపిస్తా ఉంది, మాట మాత్రం నాకు అందలేదు. ఒక మాట పోకముందే ఇంకో మాట దాని మీద పడి, అంతా కలిసి మోత. పక్కోళ్లు నవ్వితే నేనూ నవ్వినాను, చప్పట్లు కొడితే నేనూ కొట్టినాను. తిరిగి బస్సులో వస్తా, "ఏ మాట బాగుండింది తాతా?" అని అడిగింది. "అన్నీ బాగుండినాయి" అన్నాను. అది నా మొగం చూసింది. ఇంక అడగలేదు.

నా చెవులు మిల్లులో పోయినాయి. ఒక్క రోజులో పోలేదు. మొదట పిచ్చుకల కూత వినిపించడం నిలిచింది, తర్వాత ఫోను గంట, తర్వాత ఆడపిల్లల మాట. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. మన దేశంలో ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ దాటకూడదని హద్దు పెట్టినారు. మా కాలంలో దాన్ని కొలిచినవాళ్లు లేరు. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్లం. వట్టి దూది చెవిని కాపాడదు, దానికని చేసిన ప్లగ్గులే పెట్టాల. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలోని వృత్తి జబ్బుల పట్టీలో ఉంది. ఇప్పుడు షిఫ్టుకు పోతా ఉండే పిల్లలకు ఇది మొదట చెప్తున్నాను.

ఇంక పటం సంగతి.

పాప మొదటి పటంలో నాట్యం గది మూడో అంతస్తులో, దాని కిందనే లైబ్రరీ. నేను చూడంగానే అడిగినాను: "పైన ముప్పైమంది ఒక్కసారి కాలు తట్టితే కింద చదివేవాడి గతేంది?" మిల్లులో మాకిది తెలుసు. స్పిండిల్ నిమిషానికి పదిహేను వేల చుట్లు పైన తిరుగుతుంది. ఆ అదురు కట్టడానికి ఎక్కకుండా మిషన్ కాళ్ల కింద మెత్త పెడతారు. చప్పుడు రెండు దార్లలో పోతుంది. ఒకటి గాలిలో, ఇంకొకటి గోడలో, నేలలో. గాలిలో వచ్చేది తలుపు మూస్తే తగ్గుతుంది. నేలలో పోయేదానికి తలుపు లేదు, మొదట్లోనే దారి తెంచాల.

పాపకు అది పుస్తకంలో ఉండిందంట, కానీ పటంలోకి రాలేదు. మళ్లా గీసింది. నాట్యం గదీ, మద్దెల వాయించే గదీ కిందికి వచ్చినాయి. అసలు నేల మీద మెత్త పరిచి, దాని మీద గోడలకు తగలకుండా ఇంకో నేల. గది లోపల గది అనుకోండి. నాటకశాలకూ క్లాసులకూ నడుమ స్టోరు రూములు, మెట్లు, వసారా పెట్టింది. వాటికి చప్పుడొచ్చినా నష్టం లేదు. హాల్లోకి పోయేదానికి ఒక తలుపు కాదు, రెండు. నడుమ చిన్న గది. ఒకటి మూసినాకనే ఇంకొకటి తెరిస్తే వసారాలోని మాట లోపలికి రాదు. మెత్తటి నేల వల్ల ఇంకొక మేలు ఉంది. నాట్యం చేసేవాళ్లు వట్టి కాళ్లతో తడతారు. గట్టి కాంక్రీటు మీద ఏండ్ల తరబడి తడితే మోకాళ్లు పోతాయి. కింద కొంచెం ఊగే కొయ్య నేల కావాల.

తర్వాత హాలు లోపలి మోత. దీనికి పాప ఒక కథ చెప్పింది, అది మన దూదివాళ్లు వినాల్సిన కథ.

అమెరికాలో హార్వర్డ్ అని పెద్ద యూనివర్సిటీ. అక్కడ ఫాగ్ మ్యూజియం కట్టి, అందులో పాఠాలు చెప్పే హాలు పెట్టినారు. అయ్యవారు మాట్లాడితే ఎవరికీ అర్థం కాలేదు. మాట అయిదున్నర సెకన్లు గోడలకు తగిలి తిరగతా ఉండింది. 1895లో వాలెస్ సాబిన్ అనే కుర్ర అయ్యవారికి దాన్ని బాగుచేసే పని ఇచ్చినారు. ఆయన పక్కనుండే నాటకశాల నుంచి కుర్చీ మెత్తలు మోసుకొచ్చి, రాత్రిపూట ఊరు సద్దుమణిగినాక ఒక గొట్టం ఊది, అది ఎంతసేపు వినిపిస్తుందో గడియారంతో కొలిచినాడు. మెత్తలు పెంచే కొద్దీ మోత తగ్గింది. హాలంతా మెత్తలు వేసినాక ఒక సెకను పైచిలుకుకు వచ్చింది. ఇంకో వింత, ఆయన ఒంటి మీది గుడ్డలు కూడా చప్పుడు తాగి లెక్కను మార్చినాయి. అది తెలిసినాక పాత కొలతలు వేలకొద్దీ పక్కన పారేసి, అక్కడి నుంచి ఒకే జత గుడ్డలు వేసుకొని కొలిచినాడు. ఆ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు కట్టినారు. ఈ రోజుకీ దాన్ని లోకంలోని గొప్ప సంగీతశాలల్లో చేరుస్తారు.

విన్నారా? మనం ఒడికిన నూలు, నేసిన గుడ్డ చప్పుడును తాగుతుంది. మా ఇంటామె వెంటనే అనింది: "అందుకే కదా, పెండ్లికి సామాన్లు తీసేసిన ఇల్లు గంయ్యంటుంది."

మాటలకు ఒక సెకను దరిదాపు మోత చాలు. పెద్ద వాద్యబృందానికి రెండు సెకన్ల దాకా కావాల, లేకుంటే పాట ఎండిపోయినట్టుంటుంది. ఒకే హాల్లో నాటకమూ కచేరీ రెండూ జరగాలంటే ఎట్ల? పాప గోడల పొడుగునా దళసరి తెరలు పెట్టింది. నాటకానికి విప్పాల, కచేరీకి మడిచి పెట్టెలోకి తొయ్యాల. పల్చటి తెర సన్నటి చప్పుడునే తాగుతుంది. మద్దెల గుమ్మనే మోతకు మందం కావాల, తెరకూ గోడకూ నడుమ సందు కూడా ఉండాల. ఆ తెర నిప్పు అంటనిదై ఉండాల. దూదిలో నిప్పు ఎట్ల పరిగెత్తుతుందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో 59 మంది ప్రాణాలు పోయినాయి. బయటికి పోయే దారి మూసి ఉండింది, అదనంగా వేసిన కుర్చీలు అడ్డమైనాయి. అందుకే నేను ప్రతి పటంలోనూ తలుపులు లెక్కపెట్టినాను, బయటికి తెరుచుకుంటాయా అని అడిగినాను.

ఇంక మన ఆట సంగతి. మన ఉత్తర ఆర్కాడు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందర భారతం ఆడతారు. తమిళులు తెరుక్కూత్తు అంటారు, చిత్తూరు పక్క వీధినాటకం అంటారు. దానికి స్టేజీ లేదు. ఇద్దరు మనుషులు ఒక గుడ్డ పట్టుకుంటారు, దాని వెనక నుంచి దుర్యోధనుడు వస్తాడు. జనం మూడు పక్కలా కూర్చుంటారు, తెల్లారేదాకా ఆట. "దీన్ని నీ హాల్లో ఎక్కడ ఆడతారు?" అని అడిగినాను. పాప ఆ రాత్రి చాలాసేపు కూర్చొని ఆలోచించింది. మరుసటి వారం ఇంకొక చిన్న హాలు వచ్చింది. నేల చదునుగా, కుర్చీలు జరిపేటట్టు, ఏ పక్కయినా ఆడేటట్టు. దాని పెద్ద తలుపు తెరిస్తే చెట్ల నీడ ఉండే ముంగిలి. వెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పగలు ముంగిట్లో కూర్చోలేరు. పొద్దుగూకినాక ఊరి జనం అక్కడికి రావచ్చు. వాళ్లకు వీధి వైపు వేరే గేటు, వేరే మరుగుదొడ్లు. లైబ్రరీ తాళం తాళంగానే ఉంటుంది.

చివరకు ఒక తీగ. హాలు నేల చుట్టూ రాగి తీగ పరుస్తారు. మైకులో మాట్లాడింది ఆ తీగలోకి పోతుంది. చెవి మిషన్‌లో దానికని ఒక మీట ఉంటే, మాట నేరుగా చెవికి అందుతుంది, హాలు మోత నడుమ రాదు. కట్టేటప్పుడే వెయ్యాల, రాయి పరిచినాక వెయ్యాలంటే తవ్వాల. 2016 చట్టం ప్రకారం వికలాంగులు వాడుకునేటట్టు కట్టడాలు ఉండాల, అందులో చెవి వినపడనివాళ్లూ ఉండారు. పాప ఆ తీగను ఎర్ర సిరాతో గీసింది. ఎందుకని నేను అడగలేదు.

అయ్యవార్ల ముందర పటం పెట్టే రోజు వచ్చింది. మద్దెల గదినీ, రెండు తలుపుల ఏర్పాటునూ మెచ్చుకున్నారంట. కానీ స్టోర్లకూ వసారాకూ చోటిచ్చినందువల్ల అడిగినదానికంటే రెండు క్లాసులు తగ్గినాయని మార్కులు కోసినారు. నాకు కోపం వచ్చింది. పాపకు రాలేదు. "వాళ్లు అడిగింది న్యాయమే తాతా. క్లాసు లేకుంటే కాలేజీ ఎందుకు?" అనింది. రెండు రోజులు కూర్చొని, చదును నేల హాలు పగలు నడుమ మడత గోడ వేసి రెండు క్లాసులయ్యేటట్టు మార్చింది. అయితే మడత గోడలో చప్పుడు కొంచెం దూరుతుంది, అది అదే ఒప్పుకుంది. కట్టడమంటే ఇంతేనేమో. ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదలాల.

మన సంఘం హాలో, ఊరి పెండ్లి మంటపమో కట్టేటప్పుడు పెద్దలు ఈ అయిదు మాటలు అడగండి: మోత ఎంతసేపు నిలుస్తుంది, అదురు ఎక్కడికి పోతుంది, తలుపులు ఎన్ని, ముసలోళ్లకు వినిపిస్తుందా, ఆడేవాళ్లు బట్టలు మార్చుకునే గది ఉందా. గ్రానైటుకు పెట్టే డబ్బులో కొంత గుడ్డకు పెట్టమని చెప్పండి.

పిల్లలు పటాలో పుస్తకాలో తెచ్చి ముందర పెడితే, "మాకేం తెలుసు" అని లేచి పోవద్దు. మిషన్ పక్కన నిలబడినవాడికి కొన్ని సంగతులు తెలుసు.

ఈ నెల నేను వెల్లూరు పోయి చెవి చూపించుకున్నాను. మీట ఉండే మిషన్ రాసిచ్చినారు. పాప వచ్చే పంగునిలో మళ్లా నాటకం వేస్తుందంట. ఆ హాల్లో తీగ లేదు. ముందు వరసలో కూర్చుంటాను.