ఒక్కరాత్రి ఊళ్ళు

బేకర్స్‌ఫీల్డ్ ఊరి బయట రేకులు, అట్టముక్కలు, గోనెపట్టాలతో వేసుకున్న గుడిసెల మధ్య జోడ్ ఇంటి తల్లి కూర వండుతోంది. నవల మొత్తంలో ఆమెకు అమ్మ అన్న పిలుపే తప్ప వేరే పేరు లేదు. మాంసం ఉడికే వాసనకి క్యాంపులోని పిల్లలంతా వచ్చి పొయ్యి చుట్టూ చేరారు. పోట్లాడరు, లాక్కోరు, గిన్నెవంకే చూస్తూ నిలబడతారు. ఆ కూర ఇంట్లోవాళ్ళకే చాలీచాలదు. పంచితే తనవాళ్ళకు కడుపు నిండదు, పంచకపోతే ముద్ద గొంతు దిగదు. చివరికి ఆమె తనవాళ్ళకు వడ్డించి, పిల్లల కళ్ళబడకుండా గుడారం లోపలికి పోయి తినమంటుంది. అడుగున మిగిలినదాన్ని గిన్నెతో సహా బయట పెట్టి, పుల్లలు తెచ్చుకుని గీక్కోమంటుంది. చూస్తుండగానే గిన్నె ఖాళీ.

ఇంకొకరైతే అక్కడ ఆపి, పేదల మంచితనానికి మనచేత కన్నీళ్ళు పెట్టించి పంపేవారు. జాన్ స్టయిన్‌బెక్ ఆపలేదు. కాసేపటికి ఒకావిడ కోపంగా వస్తుంది. నా కొడుక్కి కూర పెట్టింది నువ్వేనా అని నిలదీస్తుంది. వాడు పోయి గొప్పలు చెప్పుకుంటే, మనకెందుకు లేదని అడిగే మిగతా పిల్లలకు ఆ తల్లి ఏం జవాబు చెప్పాలి? రోజూ పెట్టలేనిది ఒక్కపూట పెట్టి పక్కింట్లో చిచ్చు రేపినట్టయింది. 1939 ఏప్రిల్‌లో వచ్చిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'ని కరుణరస నవలగా చదివినవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం అందులో నచ్చేది దయకు రాసిన జమాఖర్చు. ఎవరు ఎవరికి ఏమిచ్చారు, దానికి ఎవరేం కోల్పోయారు అన్నది అందులో ఎక్కడా వదిలిపెట్టలేదు.

జోడ్‌లది ఓక్లహోమా రాష్ట్రంలో సాలిసా దగ్గర కౌలు సేద్యం. 1930ల్లో అక్కడ పత్తి ధర పడిపోయింది, వానలు ముఖం చాటేశాయి. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మిన దుమ్ము తుఫానుని ఇప్పటికీ 'బ్లాక్ సండే' అంటారు. అయితే కౌలుదార్లను ఊరు వెళ్ళగొట్టింది ఒక్క దుమ్మే కాదు. పంట తగ్గిస్తే ధర నిలుస్తుందని 1933లో అమెరికా ప్రభుత్వం భూమి బీడు పెట్టినవాళ్ళకు డబ్బిచ్చింది. ఆ డబ్బులో సింహభాగం భూస్వాములకు పోయింది. చాలామంది ట్రాక్టర్లు కొని కౌలుదార్లను ఖాళీ చేయించారు. నిజానికి సాలిసా రాష్ట్రానికి తూర్పు కొసన ఉంది, దుమ్ము మేటలు వేసిన ప్రాంతం పడమటి కొసన. ఇది స్టయిన్‌బెక్ తప్పని విమర్శకులు ఎత్తిచూపారు. దుమ్ము మాటెలా ఉన్నా జోడ్‌ల ఇంటిని కూల్చింది ట్రాక్టరు కాబట్టి నాకది పెద్ద తప్పుగా తోచదు. ఆ దశాబ్దంలో చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి మూడు లక్షల మందికి పైగా కాలిఫోర్నియా చేరారు. ఎక్కడివాళ్ళయినా సరే, కాలిఫోర్నియావాళ్ళు వాళ్ళందరికీ పెట్టిన ఈసడింపు పేరు 'ఓకీలు'.

కాలిఫోర్నియా దారి పొడవునా సాయంత్రమయ్యేసరికి నీళ్ళున్న చోట ఒక బండి ఆగుతుంది, దాని పక్కన ఇంకోటి. ఇరవై కుటుంబాలు చేరితే ఊరు తయారు. పదిహేడో అధ్యాయం అంతా ఈ ఒక్కరాత్రి ఊళ్ళ గురించే. పక్క గుడారంలోకి తొంగిచూడకూడదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం, గర్భిణికీ రోగికీ ముందు చోటు దక్కాలి. నిద్రపోయేవాళ్ళ దగ్గర గోల చేయకూడదు. రూలు తప్పినవాడికి శిక్షలు రెండే: తన్నులు తినడం, లేదా వెలి. పోలీసు లేడు, కరణం లేడు, కాగితం లేదు. తెల్లారితే ఊరే లేదు. మర్నాటి రాత్రి ఇంకో చోట, ఇంకో ఇరవై కుటుంబాల మధ్య మళ్ళీ అవే కట్టుబాట్లు. కష్టం మనుషుల్ని దానంతటదే కలుపుతుందన్న మాట వినడానికి బాగుంటుంది. ఈ నవలలో కలిపేది కష్టం కాదు, కూర్చుని కుదుర్చుకున్న ఏర్పాటు.

మొదటి రాత్రే జోడ్‌ల తాత పోతాడు. పోయింది కాన్సాస్ నుంచి వస్తున్న విల్సన్ దంపతుల గుడారంలో. చుట్టింది వాళ్ళ బొంతలో. చట్టప్రకారం ఖననానికి 40 డాలర్లు కావాలి. అది కడితే కాలిఫోర్నియా చేరలేరు. అందుకే రోడ్డు పక్కనే పూడ్చిపెడతారు. ఎవరైనా తవ్వితే హత్య అనుకోకూడదని, పోయినవాడెవరో, ఎలా పోయాడో కాగితం మీద రాసి సీసాలో పెట్టి శవంతోపాటు పాతిపెడతారు. ఆ కాగితం విల్సన్‌ల బైబిల్లోంచి చించినది. బదులుగా జోడ్ కుర్రాళ్ళు విల్సన్‌ల చెడిపోయిన కారు బాగుచేస్తారు, రెండు బండ్ల బరువూ సర్దుకుంటారు. ఎవరూ ఎవరికీ రుణపడినట్టు ఉండదు. ఆ సర్దుబాటులోని మర్యాద నాకు ఉపన్యాసాలకంటే ఎక్కువ చెబుతుంది. ఉపన్యాసాలూ ఉన్నాయి నవల్లో, కాస్త ఎక్కువే ఉన్నాయి.

చేరిన చోట పని ఎలా ఉందంటే, ఎనిమిది వందల మంది కావలసిన ఆసామి ఐదువేల కరపత్రాలు అచ్చువేయిస్తాడు. పీచ్ పళ్ళ కోతకు పెట్టెకు ఐదు సెంట్లు దక్కుతాయి, సమ్మె విరగ్గానే రెండున్నర.

ఆ పళ్ళ కోతకు ముందు జోడ్‌లు కొన్నాళ్ళు తలదాచుకున్నది వీడ్‌ప్యాచ్ క్యాంపులో. ఇది కల్పన కాదు. కెర్న్ కౌంటీలో ఆర్విన్ దగ్గర ప్రభుత్వం నడిపిన క్యాంపు అది, మేనేజరు టామ్ కాలిన్స్. స్టయిన్‌బెక్ 1936లో 'శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్' పత్రికకు వలస కూలీల మీద వరుస వ్యాసాలు రాస్తూ అతన్ని కలిశాడు. నవలను అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు భార్య కేరల్, రెండోవాడు ఈ కాలిన్స్. నవల్లోని క్యాంపులో అద్దె వారానికి డాలరు, లేదంటే చాకిరీ చేసి తీర్చుకోవచ్చు. ఒక్కో వాడకు మరుగుదొడ్లు, స్నానాల గదులు, ఎన్నుకున్న కమిటీ ఉంటాయి. వారెంటు లేనిదే పోలీసు గేటు దాటడు. జోడ్ పిల్లలు రూతీ, విన్‌ఫీల్డ్ జీవితంలో మొదటిసారి ఫ్లష్ దొడ్డి చూసి గొలుసు లాగుతారు. నీళ్ళు హోరున దూకేసరికి విరగ్గొట్టేశామని హడలిపోతారు. ఆడవాళ్ళ కమిటీ పెద్దలు ఆ దొడ్ల శుభ్రత గురించి దేశం బడ్జెట్ చర్చించినంత గంభీరంగా మాట్లాడుకుంటారు. నవ్వొస్తుంది కానీ వెక్కిరింపు లేదు.

ఇదే క్యాంపుల నుంచి రెండో నవల కూడా పుట్టింది. దాని సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

సనోరా బాబ్ 1907లో ఓక్లహోమాలో పుట్టింది. తూర్పు కొలరాడోలో సగం నేలలోకి తవ్విన ఇంట్లో పెరిగింది. తండ్రీ తాతా చీపుర్లు కట్టే జొన్న పండించేవారు. ఆమె చదువు నేర్చుకున్నది గోడలకు అంటించిన పాత వార్తాపత్రికల మీద. 1938లో కాలిన్స్‌తో కలిసి వలస కుటుంబాల మధ్య పనిచేస్తూ రాత్రిళ్ళు నోట్సు రాసుకునేది. కాలిన్స్ అడిగితే ఆ నోట్సు స్టయిన్‌బెక్‌కు ఇచ్చానని తర్వాత ఆమే చెప్పింది. ఆమె రాస్తున్న నవల నచ్చి రాండమ్ హౌస్ అధిపతి బెనెట్ సెర్ఫ్ వేస్తామన్నాడు. ఇంతలో స్టయిన్‌బెక్ పుస్తకం వచ్చి దుకాణాల్లో తుఫానైపోయింది. అదే విషయం మీద ఇంకొకటి అమ్ముడుపోదని ఆమె ప్రతి వెనక్కి వచ్చింది. 65 ఏళ్ళు పెట్టెలో ఉన్న ఆ నవల 'హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్' 2004లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చింది. 2005 డిసెంబరు 31న, 98 ఏళ్ళ వయసులో బాబ్ పోయింది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా మొదటి సగంలోనే తెలుస్తుంది. స్టయిన్‌బెక్ జోడ్‌లను త్వరగా బండెక్కిస్తాడు. బాబ్ తన కథలోని డన్ కుటుంబాన్ని సగం నవలదాకా ఓక్లహోమా పడమటి నేలమీదే ఉంచుతుంది. దుమ్ము రోజుల్లో ఇల్లాలు జూలియా రోజువారీగా రాసుకున్న డైరీ ఉంటుంది. మామూలు మాటలు, ఏడుపు లేదు. గాలి ఎటునుంచి, ఇల్లు ఎన్నిసార్లు ఊడ్చిందీ, మళ్ళీ ఎంత దుమ్ము చేరిందీ. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు కిటికీలకు తడిగుడ్డలు కట్టి, భోజనం వడ్డించేదాకా కంచాలు బోర్లించి ఉంచేవారట. స్టయిన్‌బెక్ నవల్లోని తల్లి కొండంత మనిషి, అందుకే కొంచెం విగ్రహం. జూలియా విసుక్కుంటుంది, అలిసిపోతుంది, అప్పు అడగడానికి సిగ్గుపడుతుంది. ప్రతిభ ఎవరిది ఎక్కువన్న పోటీ నాకు అక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో నిజంగా బతికి వచ్చినావిడ రాసిందని ఏ పేజీ తిప్పినా తెలిసిపోతుంది.

స్టయిన్‌బెక్‌ను తోటల యజమానులు అబద్ధాలకోరన్నారు. 1939 ఆగస్టులో కెర్న్ కౌంటీ పాలకమండలి ఆ నవలను తన గ్రంథాలయాల్లో, బడుల్లో నిషేధించింది. కౌంటీ లైబ్రేరియన్ గ్రెచన్ నీఫ్ ఉద్యోగానికి వెరవక నిరసిస్తూ ఉత్తరం రాసింది. నిషేధం 1941దాకా ఎత్తేయలేదు.

అయితే యజమానులు పట్టించుకోని లోపం ఒకటి ఆ నవలకు ఉంది. ఓకీలు రాకముందు ఆ తోటల్లో పళ్ళు కోసింది మెక్సికన్లు, ఫిలిపినోలు. మాంద్యం మొదలవగానే లక్షలమంది మెక్సికన్లను, అక్కడే పుట్టిన పిల్లలతో సహా, సరిహద్దు దాటించారు. జోడ్‌ల కథలో వాళ్ళు దాదాపు కనిపించరు. తెల్లవాళ్ళు గుడారాల్లో ఉండేసరికే దేశానికి ఆ గుడారాలు కళ్ళబడ్డాయన్నది చేదు నిజం. 1935 కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కు ఇస్తూ వ్యవసాయ కూలీలను మినహాయించింది. ఆ మినహాయింపు రంగు చూడలేదు, ఓకీలకూ తగిలింది. యుద్ధం రాగానే ఓకీలు షిప్‌యార్డులకు, విమానాల ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. తోటల్లో పని మళ్ళీ పాతవాళ్ళ చేతికే వచ్చింది. అదే కెర్న్ కౌంటీలోని డెలనోలో 1965 సెప్టెంబరు 8న ద్రాక్ష కోత ఆపింది ఫిలిపినోలు, లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో. వారం తిరగగానే సీజర్ చావెజ్ వెంట మెక్సికన్లు కలిశారు. పెద్ద తోటల యజమానులు సంతకాలు పెట్టడానికి ఐదేళ్ళు పట్టింది.