సముద్రానికి పసుపు పూత!

మే నెలాఖర్లో బాల్టిక్ సముద్రం ఒడ్డుకెళ్తే నీళ్లమీద ఎవరో బస్తాలకొద్దీ పసుపు గుమ్మరించినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు ఏ ఫ్యాక్టరీ రసాయనమో అనుకుంటే తప్పులేదు. నిజానికి అది.. పైన్ చెట్ల పుప్పొడి!

బాల్టిక్ చుట్టూ ఉన్న పోలండ్, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో పైన్ అడవులు ఎక్కువ. ఈ చెట్టుకు తేనెటీగలతో పనిలేదు. గాలే దానికి పెళ్లిళ్ల పేరయ్య. అందుకే లెక్కాపత్రం లేకుండా పుప్పొడిని గాల్లోకి వదిలేస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండని ఒక్కో రేణువుకీ రెండు గాలితిత్తులు. వాటి పుణ్యమా అని చాలాదూరం ఎగురుతుంది, నీళ్లలో పడ్డాక తేలుతుంది.

వెలుతురుతో పేచీ అక్కడే మొదలవుతుంది. స్వచ్ఛమైన సముద్రపు నీరు ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని వెనక్కి పంపుతుంది. పుప్పొడి అలా కాదు. నీలాన్నే మింగేసి పసుపు, ఎరుపు కాంతుల్ని వదిలేస్తుంది. పైగా తగిలిన కిరణాన్నల్లా చెల్లాచెదురు చేస్తుంది.

అయితే ఏంటట? సముద్రంలో నాచు ఎంతుందో ఉపగ్రహాలు తెలుసుకునేది రంగును బట్టే. నాచులోని పత్రహరితం కూడా నీలి కాంతినే తింటుంది. కాబట్టి నీలం తగ్గి ఆకుపచ్చ పెరిగిన కొద్దీ నాచు ఎక్కువున్నట్టు లెక్క. మధ్యలో పుప్పొడి దూరితే ఆ లెక్క తప్పుతుంది. బాల్టిక్‌లో ఏటా వేసవిలో విషపు నాచు కూడా పెరుగుతుంది. రెండింటినీ పోల్చుకోలేకపోతే ఉత్తుత్తి హెచ్చరికలు తప్పవు.

మరి గుర్తుపట్టేదెలా? నాచు నీలంతోపాటు ఎరుపు కాంతిలోనూ కొంత భాగాన్ని మింగుతుంది. పైన్ పుప్పొడిలో పత్రహరితం దాదాపు ఉండదు కాబట్టి ఎరుపు జోలికి పోదు. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన చువాన్మిన్ హు బృందం ఇలా కాంతి తేడాలనే పరిశీలించి, ఉపగ్రహ చిత్రాల్లో బాల్టిక్ మీద కనిపించిన చారలు పైన్ పుప్పొడివేనని 2023లో తేల్చింది.

మన తీరంలో పైన్ అడవులు లేవుగానీ, సముద్రం రంగుతో మనకూ పనుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ నీటి ఉష్ణోగ్రతతోపాటు పత్రహరితాన్నీ ఉపగ్రహాలతో లెక్కకట్టి, చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు చెబుతోంది. ఆ కబురు నమ్మి పడవలు డీజిల్ పోసుకుని బయల్దేరతాయి. అందుకే నీటి రంగు మార్చింది నాచా, బురదా, మరొకటా అన్నది ఎక్కడైనా సరిగ్గా తేలాల్సిందే!